చూసినవారి సంతకం

ముందుగా ఒక వాంగ్మూలం ఇచ్చేస్తాను. నాకు ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు. కూరలో చిటికెడు ఉప్పు ఎక్కువైతే ఇవాళ బంగాళాఖాతం వండారంటాను. ఇరవై ఆరేళ్ళు మందుల ఫ్యాక్టరీల్లో, మిల్లీగ్రాముకి లెక్క చెప్పే ఉద్యోగం చేసినందువల్ల ఆ బిగింపంతా ఇంటికొచ్చాక ఇలా వదులవుతోందని మా ఆవిడ సిద్ధాంతం. యాభై మూడో ఏట ముందస్తు పదవీ విరమణ తీసుకున్నాక ఇంకా వదులైంది. కాబట్టి ఇందులో ఏదైనా మరీ పెద్దగా కనిపిస్తే పాఠకులు తమకు తోచినంత తగ్గించుకోవచ్చు. ఎక్కడెక్కడ పెంచానో నాకే గుర్తులేదు. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే ఉంది. అది చివర్లో చెబుతాను.

2020 మే నెలలో మా కంపెనీ నన్ను ఐర్లండ్‌లో పోర్ట్‌లీష్ ఊరి వైపు వెళ్ళే మోటర్‌వేకి దగ్గర్లో ఉన్న ఇంజక్షన్ల ప్లాంటుకి క్యూపీగా పంపింది. కంపెనీ పేరు చెప్పను. చెప్పనని సంతకం పెట్టే బయటికొచ్చాను, ఆ ఒప్పంద పత్రం తూచితే నాకంటే బరువుంటుంది. క్యూపీ అంటే క్వాలిఫైడ్ పర్సన్. ఐర్లండ్‌లోనే కాదు, యూరప్ అంతటా మందు ఏదైనా ఫ్యాక్టరీ గేటు దాటాలంటే అలాంటి ఒక మనిషి సంతకం కావాలి. కంపెనీ ముద్ర చాలదు, డైరెక్టర్ సంతకం చాలదు. ఒకే ఒక మనిషి, తన పేరుతో, ఈ బ్యాచ్ చెప్పిన పద్ధతిలోనే తయారైందని రాసివ్వాలి. రేపు ఏదైనా తేడా వస్తే చట్టం కంపెనీ కంటే ముందు ఆ మనిషి ఇంటి తలుపు కొడుతుంది. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను నిద్రలో కూడా సంతకం పెట్టేవాణ్ణి. మా ఆవిడ దుప్పటి మీద నా పొట్టి సంతకాలు పద్నాలుగు వందలు లెక్కపెట్టింది.

ఆ ప్లాంటులో తయారయ్యేది ఆస్పత్రుల్లో ఊపిరి యంత్రం మీద ఉన్నవాళ్ళని నిద్రలో ఉంచే మందు. దేశమంతా మేలుకొని భయపడుతుంటే మేము నిద్ర తయారుచేసి చిన్న చిన్న సీసాల్లో నింపేవాళ్ళం. ఆ మాట అప్పుడు తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. తెల్లటి గదులు, తల నుంచి కాలిదాకా తెల్లటి ముసుగులు, పైకప్పు నుంచి ఎప్పుడూ ఒకే స్థాయిలో కిందికి జారే గాలి చప్పుడు. ఎవరు నడుస్తున్నా నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుండేది. మనిషిని కళ్ళని బట్టి గుర్తుపట్టాలి. నేను మొదటి వారం ముగ్గురు వేరు వేరు మనుషుల్ని ఒకే మనిషనుకుని ఒకే జోకు మూడుసార్లు చెప్పాను.

మా ఇల్లు లూకన్‌లో, ప్లాంటుకి చాలా దూరం. ఆ రోజుల్లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని ఆంక్ష. మాది అత్యవసర పని కాబట్టి కంపెనీ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని వెళ్ళేవాణ్ణి. నాతోపాటు మాటేయ్ వచ్చేవాడు. మాటేయ్ స్లొవేనియావాడు, నా ఈడువాడే. మా వీధి చివర ఒక ఇంట్లో మంచం పడితే తలుపు తెరుచుకోనంత గది అద్దెకు తీసుకున్నాడు. ఆర్నెల్ల కాంట్రాక్టు మీద వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయాడు. ప్లాంటులో అతని పని విచారణలు రాయడం. మా భాషలో డీవియేషన్ రిపోర్టులు. అంటే రాసిపెట్టుకున్న పద్ధతికి భిన్నంగా ఏదైనా జరిగితే ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మూలకారణం ఏమిటి అని తవ్వి రాయడం. కానీ వాళ్ళ దేశంలో అతన్ని ఎరిగినవాళ్ళకి అతను వ్యాసకర్త. స్వేచ్ఛ, విశ్వాసం, ఈ కాలపు ఒంటరి మనిషి, ఇవీ అతని విషయాలు. ఒక పుస్తకం వేశాడు. మూడు వందల మంది కొన్నారని అతనే చెప్పాడు. వాళ్ళ దేశ జనాభాతో పోలిస్తే అది మన దగ్గర జిల్లాకి జిల్లా అంతా కొన్నట్టేనని నేను ఓదార్చాను.

కారులో ఇద్దరు వెళ్ళాలంటే నియమం ఏమిటంటే, రెండోవాడు వెనక సీట్లో ఎడమ మూల కూర్చోవాలి, మాస్కు ఉండాలి, అద్దాలన్నీ దించి ఉండాలి. మోటర్‌వే మీద ఆ వేగంలో నాలుగు అద్దాలూ దించితే కారు కారులా ఉండదు, రేకు డబ్బాలో తుఫాను పెట్టినట్టుంటుంది. ఆ తుఫానులో మాటేయ్ తన వ్యాసాలు నోటితోనే రాసేవాడు. నాకు సగం మాటలే అందేవి. స్వేచ్ఛ అంటే అనేవాడు, గాలి మింగేసేది, మళ్ళీ కాదు అని వినిపించేది. ఏది కాదో ఎప్పటికీ తెలిసేది కాదు. బయట రోడ్డు ఖాళీగా, ఇటూ అటూ ముళ్ళపొదల కంచెల నిండా తెల్లపూలు, దూరంగా బాగ్ నేల మీద లేవకుండా పడుకున్న పొగమంచు. బాగ్ అంటే ఇక్కడి చిత్తడి నేల. అందులో నిలబడ్డ గొర్రెలకి కాళ్ళు కనిపించేవి కావు, తెల్లగా తేలుతున్నట్టుండేవి. ఆ సగం వాక్యాలు, ఆ సగం గొర్రెలు కలిసి నాకు ప్రతి ఉదయం సగం కలలా గడిచేది.

దారిలో గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపేవారు. నేను ఉత్తరం అద్దంలోంచి చూపించేవాణ్ణి. గార్డు రెండు మీటర్ల దూరంలో నిలబడి దానివైపు కళ్ళు చిట్లించి, "గ్రాండ్" అని చెయ్యి ఊపేవాడు. ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, సర్లే అని. ఒకరోజు పొరపాటున మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చిన కాగితం చూపించాను. దానికీ గ్రాండ్ అన్నాడు.

మాటేయ్ ఆరోజంతా దాన్ని వదల్లేదు. "చూశావా ప్రసాద్, ఈ కాలపు మనిషి కళ్ళతో చూసిందే నమ్ముతానని గొప్పలు పోతాడు. పొద్దున్నించీ ఒక్కటి చూసి నమ్మాడా చెప్పు. విమానం నడిపేవాణ్ణి చూడడు, సూదిలో ఉన్న మందుని చూడడు. విశ్వాసం ఏమీ తగ్గలేదు. మోకాళ్ళ మీద కూర్చోవడం ఒక్కటే తగ్గింది." ఈ వాక్యం నాకు మొత్తం ఎలా వినిపించిందంటే, అప్పటికి కారు ఆగి ఉంది.

ఇక అసలు సంగతి తూకం గదిలో జరిగింది. మందు తయారీ అక్కడే మొదలవుతుంది. ముడిపదార్థాన్ని ఒకరు తూస్తారు, రెండోవారు పక్కన నిలబడి తక్కెడ మీద అంకె కళ్ళారా చూస్తారు. బ్యాచ్ రికార్డులో ఆ మెట్టుకి ఎదురుగా రెండు గడులుంటాయి. చేసినవారు, చూసినవారు. ఇద్దరి సంతకాలూ ఉంటేనే పని జరిగినట్టు. మా వృత్తిలో రాయనిది జరగలేదు. రాసింది తప్పైతే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఒకే ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం, తేదీ, కారణం రాయాలి. గీత కింద ఉన్నది ఎవరైనా చదవగలిగేలా ఉండాలి. తప్పుని దాచే హక్కు ఎవరికీ లేదన్నమాట.

తూచేవాడు డెక్లన్. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు, ఆ ప్లాంటు గోడలు అతని చుట్టూ కట్టారని ఒక పుకారు. ఆదివారాలు వాళ్ళ చర్చి హాల్లో బింగో ఆటకి, అంటే మన తంబోలాకి, అంకెలు పిలిచేది అతనే. అందుకని తూకం అంకె కూడా అదే ఫణితిలో, ఒక్కో అంకె సాగదీసి, హాలు చివరి ముసలమ్మకి కూడా వినపడేలా పిలిచేవాడు. చూసే మనిషి శ్రావణి. జనగామ దగ్గర్నుంచి వచ్చి ఇక్కడే ఎమ్మెస్సీ చేసింది. ఇరవై ఎనిమిదేళ్ళు. ఉద్యోగం వర్క్ పర్మిట్ మీద. ఆ పర్మిట్ మీద కంపెనీ పేరు ఉంటుంది. ఈ ఉద్యోగం పోతే ఆ కాగితం చెల్లదు, కొద్ది రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే దేశం వదలాలి. ఆ ఏడాది కొత్తవాళ్ళని ఎవరూ తీసుకోవడం లేదు.

మే మొదట్లో తూకం గది నేల మీద పసుపు టేపు అంటించారు. ఇద్దరి మధ్య రెండు మీటర్లు. చేసేవాడు తక్కెడ దగ్గర, చూసేవాళ్ళు టేపు ఇవతల. అంటించినవాళ్ళు కొలిచి అంటించారు. కానీ టేపు దగ్గర నిలబడి చూస్తే తక్కెడ అద్దం మీద పైన ఉన్న దీపం పడి తళతళ మెరవడమే తప్ప అంకె కనిపించదు. మూడు వారాలు అన్ని షిఫ్టులవాళ్ళూ అక్కడ నిలబడి, డెక్లన్‌లాంటివాళ్ళు చెప్పింది విని, చూసినవారు అన్న గడిలో సంతకం పెట్టారు. అందరూ పెద్దమనుషులే, ఎవరికీ దురుద్దేశం లేదు. ఎవరికీ అసలు ఉద్దేశమే లేదు.

ఒకరోజు శ్రావణి సంతకం పెట్టి, పక్కన వ్యాఖ్యల గడిలో ఇంగ్లీషులో చిన్నగా రాసింది. చూడలేదు, విన్నాను, నమ్మాను.

ఆ రికార్డు రెండు రోజుల తర్వాత నా బల్ల మీదికి వచ్చింది. రెండు వందల పేజీల్లో ఆ మూడు మాటలు చూసి నాకు కాళ్ళ కింద నేల, ఆ నేల కింద బాగ్, ఆ బాగ్ కింద కుళ్ళకుండా పడున్న ఐదు వేల ఏళ్ళ నాటి చెట్లు కూడా కదిలినట్టైంది. చూడకుండా చూశానని సంతకం పెట్టడం మా వృత్తిలో మహాపాపం. ఇక్కడ పాపం చేసింది అందరూ. ఒప్పుకున్నది ఒక్కతే. కాగితం మీద దొరికింది కూడా ఒక్కతే.

ప్లాంట్ డైరెక్టర్ మంచావిడ. తొందరలో ఉన్న మంచావిడ. ఆస్పత్రుల నుంచి రోజూ ఫోన్లు, చెర్రీవుడ్‌లో ఉన్న హెడ్డాఫీసు నుంచి రోజూ ఫోన్లు. ఆవిడ రెండు దారులు చెప్పింది. ఆ వ్యాఖ్య పొరపాటున రాసిందని శ్రావణి ఒప్పుకుంటే, శిక్షణ మళ్ళీ ఇచ్చి, మానవ తప్పిదం అని ఫైలు మూసేయవచ్చు. ఒప్పుకోకపోతే ఇది సంతకాల నిజాయితీకి సంబంధించిన కేసు, ఉద్యోగం నిలబడదు. విచారణ తేలేదాకా శ్రావణిని ఇంట్లో ఉండమన్నారు.

ఆ అమ్మాయి లాకర్ ఖాళీ చేసుకుని కారు దగ్గరికి వెళ్తుంటే నేను వెనకాలే వెళ్ళాను. పార్కింగ్‌లో రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాం. ఇంకెవరూ లేరు. రాసుకుంటే నాకు గౌరవం పెంచే సంభాషణ కాదిది. అయినా రాస్తున్నాను.

"ఒక గీత గీసెయ్యి శ్రావణీ. ఒకే గీత. పక్కన పొట్టి సంతకం, తేదీ, పొరపాటున రాశాను. మూడు సెకన్ల పని."

"చూసిన అని రాయాల్నా అంకుల్?"

"రాయక్కర్లేదమ్మా. అది అచ్చేసే ఉంది కదా."

"మరి చూడలేదు గద."

అక్కడ నాలోని పండితుడు నిద్రలేచాడు. మన తెలుగులో చూడ్డం ఎంత విశాలమైన మాటో ఆ అమ్మాయికి విడమరిచి చెప్పాను. నాలుకతో రుచి చూస్తాం. ముక్కుతో వాసన చూస్తాం. నోటితో అడిగి చూస్తాం. చెవితో విని చూస్తాం. కన్ను ఒక్కదానికే దాన్ని రాసివ్వడం ఇంగ్లీషువాళ్ళ కక్కుర్తి. నువ్వు ఆరోజు ఆ అంకెని విని చూశావు, కాబట్టి చూశావు.

శ్రావణి మాస్కు పైనుంచి నన్ను కాసేపు చూసింది. నిజంగానే, కళ్ళతోనే.

"ఏమో అంకుల్, మీ దిక్కు ఎట్లనో. మా దిక్కు చూసుడంటే చూసుడే."

"పర్మిట్ సంగతి ఆలోచించావా?"

"ఆలోచించకుంట ఉంటనా? రెండు దినాల సంది నిద్ర లేదు. కానీ అంకుల్, నాది అయితే ఏదో అనుకుందును. ఆ మందు ఎవలకో ఎక్కిస్తరు. ఆయన కండ్లు మూసుకొని పంటడు. ఆయన కూడ మన సంతకమే నమ్ముతడు గద."

అంకుల్ అన్న మాట నాకు మామూలుగా గుచ్చుకుంటుంది, నాకప్పటికి యాభై ఒకటే. ఆరోజు గుచ్చుకోవడానికి వేరేవి ఉన్నాయి కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. కారు వెళ్ళిపోయింది. పార్కింగ్‌లో పొగమంచు, నేను, నా తెలుగు వ్యాకరణం మిగిలాం.

విచారణ మాటేయ్ చేతికి వచ్చింది. మూలకారణం కనిపెట్టడానికి మా దగ్గర చేపముల్లు పటం అని ఒకటుంటుంది. వెన్నెముకలాంటి గీతకి పక్కటెముకల్లా మనిషి, యంత్రం, పద్ధతి, పదార్థం, కొలత, పరిసరాలు అని గీతలుంటాయి. తప్పు ఏ ముల్లుకి తగులుకుందో చూడాలి. అందరూ చూసే ముల్లు మొదటిది. మాటేయ్ ఆ పటం ముందు నాలుగు రోజులు కూర్చుని, ఇందులో విశ్వాసానికి ముల్లు లేదన్నాడు. తర్వాత రిపోర్టు రాశాడు. మామూలుగా అది ఆరు పేజీలుంటుంది. అతనిది నూట నలభై పేజీలు, తోలు అట్ట, పట్టు దారం. సరే, పదిహేడు పేజీలు.

అందులో ఒక పేరా నాకు ఇప్పటికీ గుర్తుంది. పని సాఫీగా సాగినంత కాలం మనమందరం వ్యవస్థ. ఎవరికీ పేరుండదు. తప్పు దొరికిన క్షణంలో ఒక్కరిని బయటికి లాగి, నీకు స్వేచ్ఛ ఉంది, నువ్వు వ్యక్తివి, నీ ఇష్టప్రకారమే చేశావు అంటాం. ఈ కాలంలో మనిషికి స్వేచ్ఛ ఇచ్చేది ఎక్కువగా నింద మోయడానికే. ఇలా రాశాడు, అదీ డీవియేషన్ రిపోర్టులో, సెక్షన్ నాలుగు, సబ్‌సెక్షన్ రెండులో. అతని తండ్రి పాత కమ్యూనిస్టు రాజ్యంలో పెరిగినవాడట. ఆ రాజ్యంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా బతికినవాడే స్వేచ్ఛగా బతికినట్టు. కొత్త రాజ్యం వచ్చి స్వేచ్ఛ ఇచ్చింది. ఇచ్చిన మర్నాటి నుంచీ ప్రతిదానికీ సంతకం అడిగింది. ముసలాయన చనిపోయేదాకా ఆ రెంటికీ తేడా ఏమిటని కొడుకుని అడుగుతూనే ఉన్నాడట.

మర్నాడు కారులో మాటేయ్ వాళ్ళ భాష గురించి చెప్పాడు. వాళ్ళకి ఒక్కరికీ అనేకులకీ మధ్యలో ఇద్దరికి వేరే రూపం ఉంది. ఇద్దరు కలిసి ఏదైనా చేస్తే ఆ క్రియ వేరుగా ఉంటుంది. చేసినవారు, చూసినవారు అని రెండు ఒంటరి గడులు పెట్టారు గానీ, అది నిజానికి ఇద్దరు కలిసి చేసే ఒక పని, మీ ఇంగ్లీషులో దానికి మాట లేదు, అందుకే రెండోవాడి మీద పడ్డారు అని అతని వాదం.

నాకు ఉత్సాహం వచ్చింది. ఇంటర్మీడియట్‌లో నేను సంస్కృతం తీసుకున్నాను. మా తరంలో తెలుగు పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కుల కోసం. ఆ భాష రానక్కర్లేదు, జవాబులు ఏ లిపిలోనైనా రాయొచ్చు. నాకు వందకి నూట మూడు వచ్చాయి. ఆ పాండిత్యం మొత్తంలో మిగిలింది ఒక్కటే, రామః, రామౌ, రామాః. గాలిలోకి అరిచి చెప్పాను. రామౌ అంటే ఇద్దరు రాములు. మాటేయ్ వెనక సీట్లో కారు పైకప్పుని గుద్దాడు. తెలుగువాళ్ళంతా ఇద్దరిద్దరుగా మాట్లాడతారని అతనికి ఆనందం. కాదు, మా తెలుగులో అది లేదు, మాకున్నది ఇంకోటి అన్నాను. మనం, మేము.

అది ఎలా చెప్పాలో తెలియక మా అమ్మాయి కథ చెప్పాను. ఇక్కడ పెరిగిన పిల్ల కాబట్టి దానికి ఇంగ్లీషు వుయ్ ఒక్కటే తెలుసు, తెలుగు మాట్లాడితే ఏది దొరికితే అది వాడుతుంది. అంతకుముందు ఆదివారం కంచె మీంచి పక్కింటి తెలుగువాళ్ళతో "మనం బిర్యానీ చేసుకున్నాం ఆంటీ" అంది. ఆ ఆంటీ ఐదు నిమిషాల్లో గిన్నె పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. మేము చేసుకున్నాం అనాల్సింది. మేము అంటే నువ్వు అందులో లేవు. మనం అంటే నువ్వూ ఉన్నావు, గిన్నె తెచ్చుకో.

మాటేయ్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. పసుపు టేపు గురించి మే మొదట్లో వచ్చిన మెమో. అందులో మొదటి వాక్యం, రెండు మీటర్ల దూరం పాటించాలని నిర్ణయించాము అని. గాలికి కాగితం రెపరెపలాడుతుంటే గట్టిగా చదివి అడిగాడు. "ఇక్కడ రెండు వుయ్‌లు ఉన్నాయి. వుయ్ నిర్ణయించాము, వుయ్ పాటించాలి. మీ భాషలో ఏది ఏది?"

"రెండోది మనం. పాటించేది అందరం కాబట్టి."

"మొదటిది?"

"మేము."

"అంటే శ్రావణి లేనిది."

"లేనిది."

"మరి అందులో ఎవరున్నారు ప్రసాద్?"

అతనికి తెలుసు. పద్ధతి ఏదైనా మార్చాలంటే ఆ మార్పు వల్ల ఏ ఏ పనులు దెబ్బతింటాయో పరిశీలించానని ఒకరు సంతకం పెట్టాలి. ఆ మెమో కింద పరిశీలించినవారు అన్న గడిలో ఉన్న సంతకం క్యూపీది. నేను ఆ ప్లాంటుకి వచ్చిన మొదటి రోజు నా ముందు పెట్టిన కాగితాల గుట్టలో అది ఒకటి. తూకం గదికి వెళ్ళి, టేపు వేసే చోట నిలబడి తక్కెడ చూసి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. వెళ్ళలేదు. తెచ్చినవాడు అంతా గ్రాండ్ అన్నాడు. నేను విన్నాను, నమ్మాను. తేడా ఏమిటంటే నేను ఆ రెండు మాటలూ పక్కన రాయలేదు.

ఆ ఉదయం మోటర్‌వే మీద మా కారు ఒక్కటే ఉంది. పొగమంచు రోడ్డు మీదికి కూడా వచ్చింది. ఎటు వెళ్తున్నామో తెలియనంత తెల్లగా ఉంది. వెళ్ళాల్సిన చోటు తెలిసిపోయినట్టు కూడా ఉంది.

తర్వాతి వారం ఫైలు మీద వీడియో మీటింగు జరిగింది. డైరెక్టర్, హెడ్డాఫీసువాళ్ళు ఇద్దరు, మాటేయ్, నేను. మానవ తప్పిదం అన్న మాట మూడోసారి వినపడ్డాక నేను చెయ్యెత్తి, మైకు తెరిచి చెప్పాను. మూలకారణం శ్రావణి కాదు, ఈ మెమో. దీన్ని పరిశీలించకుండా పరిశీలించానని సంతకం పెట్టింది నేను. ఆ అమ్మాయి చూడలేదని రాసింది కాబట్టే ఈ సంగతి బయటపడింది. నా సంతకం మీద ముందు డీవియేషన్ రాయండి. ఎవరో ఒకరి ఇంట్లో కుక్క మొరిగింది.

ఆ తర్వాత పనులన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. ముడిపదార్థం డబ్బాలో మిగిలినదాన్ని ఇద్దరు మనుషులు కళ్ళారా చూస్తూ మళ్ళీ తూచారు. మొదట ఉన్నదాంట్లోంచి మిగిలింది తీసేస్తే వాడింది ఎంతో తేలుతుంది. డెక్లన్ పిలిచిన అంకెకి వెంట్రుకవాసి తేడా లేదు. అతను దానికేమీ ఆశ్చర్యపోలేదు. బింగోలో ఒక్క అంకె తప్పు పిలిచినా హాల్లో ఆడవాళ్ళు బతకనివ్వరన్నాడు. లాబ్ పరీక్షా సరిపోయింది. బ్యాచ్ నా సంతకంతో గేటు దాటింది. మూడు వారాల్లో తయారైన మిగతా బ్యాచ్‌లన్నిటికీ ఇదే తంతు జరిపించాం. అవీ సరిగ్గానే ఉన్నాయి. తక్కెడకి అంకె చూపించే రెండో తెర ఒకటి తగిలించి, టేపు ఇవతల గోడకి పెట్టారు. పెళ్ళి పందిట్లో పెట్టే తెరంత ఉండేది. అంటే, అరచేయంత. అసలు రెండు మీటర్ల టేపు కంటే ముందే కొనాల్సిన వస్తువు అది. శ్రావణి మీద ఏ మచ్చా లేకుండా పనిలోకి వచ్చింది. పర్మిట్ నిలిచింది. నా ఫైల్లో ఒక కాగితం చేరింది. ఉద్యోగం వదిలినరోజు కూడా అది అందులోనే ఉంది.

మాటేయ్ రిపోర్టుని హెడ్డాఫీసు పదిహేడు పేజీల నుంచి ఐదుకి కుదించింది. స్వేచ్ఛ గురించిన పేరా పోయింది. విశ్వాసం గురించిన వాక్యం ఒకటి ఎలాగో మిగిలింది. చూసినవారు అన్న గడికి పక్కన చూడలేకపోతే కారణం అని ఇంకో గడి చేరింది. అతని పుస్తకాలన్నిటికంటే అదే ఎక్కువమంది చదివిన రచన అని నేనన్నాను. వాళ్ళ దేశానికి విమానాలు మొదలయ్యాక వెళ్ళిపోయాడు.

ఈ సంగతి నుంచి నేను వృత్తిపరంగా నేర్చుకున్నది చెబుతాను. పరిశీలించాను అని రాసేముందు లేచి వెళ్ళి చూడాలి. చూడలేనప్పుడు చూడలేదని రాయడానికి కాగితం మీద చోటుండాలి. ఆ చోటు లేని కాగితాన్ని తయారుచేసినవాడే మొదటి తప్పు చేసినవాడు. తర్వాతి ఏళ్ళలో నా కింద పనిచేసినవాళ్ళకి ఇదే చెప్పాను, ఇంతకంటే పెద్దగా చెప్పలేదు.

ఇక కల్పించిన భాగం. దుప్పటి, గొర్రెలు, నూట మూడు మార్కులు, తెర సైజు, ఇవి పెంచినవే గానీ కల్పించినవి కావు. కల్పించింది మీటింగు. నేను చెయ్యెత్తలేదు. మైకు తెరవలేదు. ఆ మీటింగే లేదు. జరిగిందేమిటంటే, మాటేయ్ రిపోర్టులో ఒక వాక్యం ఖాళీగా వదిలాడు. ఈ మార్పుని పరిశీలించకుండా ఆమోదించినవారు అని రాసి, పక్కన గీత. పేరు అతనే రాయొచ్చు, మెమో అతని చేతిలోనే ఉంది. రాయలేదు. కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని మూడు రోజులు సొరుగులో పెట్టుకున్నాను. అడిగినవాళ్ళకి చదువుతున్నానని చెప్పాను. మాటేయ్ ఆ మూడు రోజులూ వెనక సీట్లో ఏ వ్యాసమూ చెప్పలేదు. నాలుగో రోజు ఉదయం నా పేరు రాసి ఈమెయిల్లో పంపాను. డైరెక్టర్ ఒక్క మాటలో జవాబిచ్చింది, అందింది అని.

ఆ మూడు రోజులూ శ్రావణి ఇంట్లో ఉంది. దేశం వదలాల్సొస్తే ఏ సామాను ఎవరికివ్వాలో జాబితా రాసుకుందట. రైస్ కుక్కర్ డెక్లన్‌కి రాసిందట. చాలా కాలం తర్వాత క్యాంటీన్‌లో ఆ సంగతి తనే నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.